అచ్చం అలాగే పాడితే ఇక కవర్ ఎందుకు?

కవర్ పాటల మీద (ఒకరి పాటని ఇంకొకరు మళ్ళీ పాడితే అది కవర్) కబుర్లు ఎక్కడ మొదలైనా చివరికి ఒకే గొడవ దగ్గరికి చేరతాయి. ఒకరు ఒరిజినల్ ముందు ఇదెంత అంటారు, ఇంకొకరు నాకైతే ఇదే నచ్చింది అంటారు, మూడో మనిషి ఆ ఇద్దరూ వినని ఇంకో వెర్షన్ లింకు పెట్టి తప్పుకుంటాడు. సరదాగానే ఉంటుంది. కానీ గొంతు బాగుందా, శ్రుతిలో ఉందా, ఒరిజినల్‌కి ఎంత దగ్గరగా వచ్చింది అని మార్కులు వేస్తూ కూర్చుంటే, గొప్ప కవర్లని పేరుపడ్డ వాటిలో చాలావాటికి పాస్ మార్కులు కూడా రావు. అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ చివరి రికార్డుల్లో గొంతు వణుకుతుంది, ఊపిరి అందట్లేదని వినేవాళ్ళకి తెలిసిపోతుంది. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌కి తన గొంతంటే తనకే మొహమాటం. అయినా వాళ్ళు పాడిన పరాయి పాటలు వాళ్ళ సొంతమైపోయాయి.

ఎలా అయిపోయాయా అని ఒక్కో పాటా విప్పి చూస్తే, ట్యూను మార్చారా, స్పీడు తగ్గించారా అన్నవన్నీ తర్వాతి సంగతులు. ముందు మారింది పాటలో 'నేను' అంటున్న మనిషి. ఆ మనిషి మారితే మాటలు అలాగే ఉన్నా అర్థం ఇంకోవైపు తిరుగుతుంది. మారకపోతే ఎంత బాగా పాడినా అది మంచి మిమిక్రీ కింద లెక్క.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 'రెస్పెక్ట్'. అందరూ చెప్తారు కాబట్టి వదిలేద్దామనిపిస్తుంది గానీ, ఇంత తేటగా కనిపించే కేసు ఇంకోటి దొరకదు. అమెరికన్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ దాన్ని రాసి, పాడి 1965లో విడుదల చేశాడు. అందులో మాట్లాడేది మగాడు. సంపాదించి తెచ్చి నీ చేతిలో పెడుతున్నాను, నేను లేనప్పుడు నువ్వేం చేసినా పట్టించుకోను, ఇంటికొచ్చేసరికి మాత్రం కాస్త మర్యాద ఇవ్వు అని అడుగుతున్నాడు. అడగడం కూడా కాదు, ఇంచుమించు బతిమాలుతున్నాడు. 1967 ఫిబ్రవరిలో గాయని ఆరెథా ఫ్రాంక్లిన్ న్యూయార్క్‌లో అట్లాంటిక్ స్టూడియోలో అదే పాట పట్టుకుంది. ఆవిడ నోట్లో ఆ లైన్ తిరగబడింది: నువ్వు లేనప్పుడు నేను తప్పు పని చెయ్యను, ఎందుకంటే నాకే అక్కర్లేదు. డబ్బు ఆవిడదే, మర్యాద అడిగేదీ ఆవిడే. బతిమాలడం పోయి, లెక్క తేల్చుకోవడం వచ్చింది.

ఓటిస్ పాటలో లేనివి ఆవిడ పాటలో ఇంకా రెండు మూడున్నాయి. ఆ ఇంగ్లీషు మాటని ఒక్కో అక్షరం విడదీసి పలకడం ఆవిడ చేర్చిందే, ఇవాళ పాట పేరు చెప్పగానే జనానికి ముందు గుర్తొచ్చేది అదే. అక్క ఎర్మా, చెల్లెలు క్యారొలిన్ వెనక నిలబడి కోరస్ అందుకుంటుంటే, ఒక ఆడమనిషి ఫిర్యాదు కాస్తా ఇంటిల్లిపాదీ ఆడవాళ్ళ మాటలా వినిపిస్తుంది. మధ్యలో కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వస్తుంది, దాని కింద కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) శామ్ అండ్ డేవ్ అనే జంట పాడిన వేరే పాట నుంచి తెచ్చి అతికించినవి. అంటే కవర్‌లోనే ఇంకో పాట ముక్క ఉందన్నమాట. ఆ జూన్‌లో అది అమెరికా చార్టుల్లో 2 వారాలు మొదటి స్థానంలో ఉంది, ఆ తర్వాత పౌరహక్కుల ఉద్యమమూ, ఆడవాళ్ళ ఉద్యమమూ రెండూ దాన్ని తమ పాటగా ఎత్తుకున్నాయి. అదే నెలలో మాంటెరే పాప్ సంగీతోత్సవం వేదిక మీద ఓటిస్, ఈ పాటని ఒకమ్మాయి నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయిందని నవ్వుతూ చెప్పి మరీ పాడాడు. డిసెంబర్‌లో విమాన ప్రమాదంలో పోయాడు.

క్యాష్ పాడిన 'హర్ట్' దీనికి పూర్తిగా ఎదురుదిక్కు, ఎందుకంటే అక్కడ చేర్చింది దాదాపు ఏమీ లేదు, తీసేసిందే ఎక్కువ. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ పేరుతో ట్రెంట్ రెజ్నర్ దాన్ని 1994 ఆల్బంలో ఆఖరి పాటగా పెట్టాడు. అపస్వరంలా చెవిలో గుచ్చుకునే గిటార్, చివర్లో మీద పడే రొద, మధ్యలో తనని తాను కోసుకుని నొప్పి ఉందో లేదో చూసుకుంటున్న కుర్రాడు. నిర్మాత రిక్ రూబిన్ ఈ పాటని క్యాష్‌కి పాడమని ఇచ్చేనాటికి ఆయనకి దాదాపు 70 ఏళ్ళు, ఒంటి నిండా జబ్బులు. 2002లో వచ్చిన ఆ రికార్డింగ్‌లో రెండు మూడు వాద్యాలకి మించి లేవు: గిటార్, పియానో, కాస్త ఆర్గన్. ముగింపు దగ్గర పియానో మీద ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ కొడుతూ ఉంటారు, అది పెరిగి పెరిగి గొంతుని కప్పేసేదాకా వస్తుంది. మాటల్లో క్యాష్ మార్చింది ఒకే ఒక్క చోట. రెజ్నర్ కిరీటం గురించి బూతు మాట వాడిన చోట ఈయన ముళ్ళ కిరీటం అన్నాడు. గట్టి క్రైస్తవ భక్తుడు కాబట్టి అది బూతు తప్పించడమూ అయింది, ఏసు తల మీదకి పాటని తీసుకెళ్ళడమూ అయింది.

ఇరవైల్లో ఉన్న మనిషి నాకు తెలిసిన వాళ్ళంతా చివరికి దూరమైపోతారు అంటే అది దిగులు. డెబ్బై ఏళ్ళాయన అదే మాట అంటే అది వార్త, నిజంగా పోతున్నారు. మార్క్ రొమానెక్ తీసిన వీడియోలో మూతపడిన క్యాష్ మ్యూజియం కనిపిస్తుంది, మెట్ల మీద నిలబడి భర్తని చూస్తున్న జూన్ కార్టర్ కనిపిస్తుంది. 2003 మేలో ఆవిడ, సెప్టెంబర్‌లో ఆయన పోయారు. కవర్ చేస్తామన్నప్పుడు ఇదేదో గిమ్మిక్కులా ఉంటుందేమోనని రెజ్నర్ అనుమానపడ్డాడు, వీడియో చూశాక ఈ పాట ఇక నాది కాదని ఒప్పుకున్నాడు. రాసినవాడే తాళంచెవులు అప్పజెప్పేసిన కవర్లు చాలా తక్కువ.

'హల్లెలూయా' సంగతి ఇంకా చిత్రం. కెనడా కవి, గాయకుడు లియొనార్డ్ కోహెన్ 1984 ఆల్బంలో ఆ పాట ఉంది, ఆ ఆల్బం అమెరికాలో విడుదల చెయ్యడానికే కొలంబియా కంపెనీ ఒప్పుకోలేదు. పాటేమో సింథసైజర్ మోతలో, బృందగానం మధ్యలో, గుడిలో ప్రవచనంలా సాగుతుంది. 1991లో కోహెన్‌కి కానుకగా ఒక ఆల్బం తయారవుతుంటే, సంగీతకారుడు జాన్ కేల్ ఈ పాట పాడతానని సాహిత్యం అడిగాడు. ఏళ్ళ తరబడి రాసుకుంటూ పోయిన పాట కదా, కోహెన్ 15 పేజీలు ఫ్యాక్స్ చేశాడు. కేల్ అందులోంచి దైవభక్తి పాలు తగ్గించి, పడకగది వాసన, కొంటెతనం ఉన్న చరణాలు ఏరుకుని, ఒట్టి పియానో మీద పాడాడు. యువ గాయకుడు జెఫ్ బక్లీ విన్నది ఆ కేల్ పాటనే. 1994లో అతను చేసిన రికార్డింగ్ ఒక నిట్టూర్పుతో మొదలవుతుంది, గిటార్ ఇంకా అందుకోకముందే ఊపిరి వదిలిన చప్పుడు వినపడుతుంది. 2001లో 'ష్రెక్' సినిమాలో కేల్ గొంతు, దాని సౌండ్‌ట్రాక్ సీడీలో రూఫస్ వెయిన్‌రైట్ గొంతు. ఇక ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో, టీవీ పోటీల్లో ఎక్కడ పడితే అక్కడ అదే పాట.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కోహెన్ పాట పాడుతున్నాం అనుకునేవాళ్ళలో చాలామంది పాడేది కేల్ ఎడిట్ చేసిన పాటని. చరణాల ఎంపిక కేల్‌ది, మెల్లగా ఏడుపు దాచుకుంటూ పాడే పద్ధతి బక్లీది. కవర్‌కి కవర్, దానికి మళ్ళీ కవర్. 2008 క్రిస్మస్‌కి బ్రిటన్ చార్టుల్లో ఎక్స్ ఫ్యాక్టర్ అనే టీవీ పాటల పోటీ గెలిచిన అలెగ్జాండ్రా బర్క్ పాడింది మొదటి స్థానంలో, బక్లీది రెండో స్థానంలో ఉంటే, కోహెన్ సొంత గొంతు 36 దగ్గర ఉంది. ఆ మరుసటి ఏడు కోహెనే అన్నాడు, పాట మంచిదే గానీ మరీ ఎక్కువమంది పాడేస్తున్నారని. నిజమే, పాటకి మోయగలిగినంత బరువు ఒకటి ఉంటుంది. అందరూ ఒకే రకంగా కళ్ళు మూసుకుని పాడుతుంటే 'నేను' అనే మనిషే ఉండడు, ఒక మూడ్ మాత్రం మిగులుతుంది.

'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్' గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, వింటే అయిపోతుంది. బాబ్ డిలన్ 1967లో రెండున్నర నిమిషాల్లో గిటార్, హార్మోనికాతో ముగించిన పాటని, కొన్ని నెలల్లోనే హెండ్రిక్స్ 4 నిమిషాల తుఫాను చేశాడు. డిలన్ గొంతులో అది ఎవరో చూసొచ్చి చెప్తున్న కథ, హెండ్రిక్స్ గిటార్‌లో ఆ తుఫాను మధ్యలో ఇరుక్కున్న వాడి కేక. తర్వాత కచేరీల్లో డిలన్ కూడా హెండ్రిక్స్ పద్ధతికే దగ్గరగా వాయించడం మొదలుపెట్టాడు, అంతకంటే కితాబు ఏముంటుంది.

మనిషి మారితే చాలు, అర్థం బాగుపడుతుందని దీన్నిబట్టి అనుకోకూడదు. పాడైపోవడమూ ఉంది. 'హౌండ్ డాగ్'ని లైబర్, స్టోలర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ కోసమే రాశారు. 1953లో విడుదలైన ఆవిడ పాటలో తన ఇంటి మీద పడి తింటూ తిరిగే మగాణ్ణి ఒక ఆడమనిషి కుక్కతో పోల్చి గుమ్మం అవతలికి తరుముతుంది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అందుకునేసరికి మధ్యలో ఇంకో బ్యాండ్ వల్ల మాటలు మారిపోయి, కుందేలు ప్రస్తావన ఒకటి వచ్చి చేరి, పాటలో మిగిలింది నిజం కుక్కే. లయ అదిరిపోతుంది, కాదనలేం. కానీ ఆవిడ కోపం మొత్తం ఎగిరిపోయింది, లైబర్‌కి కూడా ఆ మాటలు నచ్చలేదు. ఆ రోజుల్లో అమెరికాలో ఇది ఒక వ్యాపార పద్ధతి. నల్లజాతి గాయకుల పాటలు తెల్లవాళ్ళ రేడియోల్లో వెయ్యరు కాబట్టి అదే పాటని తెల్ల కుర్రాడి చేత మర్యాదగా పాడించి అమ్ముకునేవాళ్ళు. లిటిల్ రిచర్డ్ 'టుట్టీ ఫ్రూటీ' పాప్ చార్టులో 17 దాకా వస్తే, ప్యాట్ బూన్ పాడిన చప్పటి వెర్షన్ 12 దాకా వెళ్ళింది. రెండూ పక్కపక్కన పెట్టి విన్నవాళ్ళకి నవ్వు ఆగదు, ఆ నవ్వు వెనక డబ్బు ఎటు పోయిందో ఆలోచిస్తే నవ్వు రాదు.

ఆ చరిత్ర తెలిసినవాళ్ళు 2023లో ల్యూక్ కోంబ్స్ 'ఫాస్ట్ కార్' పాడినప్పుడు అనుమానంగా చూశారంటే తప్పులేదు. నల్లజాతి గాయని ట్రేసీ చాప్‌మన్ 1988 పాట అది. ఆ జూన్‌లో లండన్ వెంబ్లీలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీలో స్టీవీ వండర్ సామాను ఏదో రాక స్టేజీ ఖాళీ అయితే, అప్పటికే ఒకసారి పాడి దిగిపోయిన చాప్‌మన్‌ని మళ్ళీ పంపారు. ఒక్క గిటార్‌తో వెళ్ళి ఈ పాట పాడింది, దాంతో దశ తిరిగింది. కోంబ్స్ ఏమో తెల్లవాడు, నార్త్ కరొలైనా వాడు, కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) సింగర్. అతను చేసిన తెలివైన పని ఏమీ చెయ్యకపోవడమే. పాటలో కథ చెప్పేది సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే అమ్మాయి, ఆ 'అమ్మాయి' అనే పదాన్ని కూడా అతను 'అబ్బాయి'గా మార్చలేదు. ట్యూను అదే, ఆ గిటార్ బిట్ అదే.

మరి అంతా అదే అయితే మిమిక్రీ ఎందుకు కాలేదు? తాగుబోతు తండ్రి, మధ్యలో ఆగిన చదువు, ఊరు దాటితే బతుకు బాగుపడుతుందన్న ఆశ, ఇవన్నీ కంట్రీ పాటల్లో మొదట్నుంచీ ఉన్న సరుకే. కోంబ్స్ యాసలో వినేసరికి ఇది కంట్రీ పాట కాదని ఎవరూ అనలేకపోయారు. అంటే కవర్ వల్ల పాట మారలేదు, అది ఎవరి పాట అన్న హద్దు జరిగింది. అతని వెర్షన్ అమెరికా మెయిన్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్ళింది, 35 ఏళ్ళ కిందట చాప్‌మన్‌ది 6 దగ్గర ఆగింది. ఆ ఏడు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళ ఉత్తమ గీతం అవార్డు రచయిత్రిగా చాప్‌మన్‌కి వచ్చింది, ఒక నల్లజాతి రచయితకి ఆ అవార్డు దక్కడం అదే మొదటిసారి. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. ఆవిడ పాడుతుంటే అతను పక్కన నిలబడి పెదాలు కదుపుతూ ఉండిపోయాడు, అభిమాని ముందు వరసలో నిలబడ్డట్టు.

ఇంత స్వేచ్ఛగా ఒకరి పాట ఇంకొకరు ఎలా పాడేసుకుంటున్నారు, అడగక్కర్లేదా అంటే, అమెరికాలో నిజంగానే అక్కర్లేదు. 1908లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకి పియానో రోల్స్ కేసు వచ్చింది. కాయితానికి చిల్లులు పొడిచి పియానో దానంతటదే వాయించేలా చేసే రోల్స్ అవి. అది పాటకి కాపీ కిందకి రాదని కోర్టు తేల్చింది. మరుసటి ఏడే పార్లమెంటు చట్టం మార్చి రచయితలకి హక్కు ఇచ్చింది, కానీ ఒకే కంపెనీ పాటలన్నీ గుప్పిట్లో పెట్టుకుంటుందన్న భయంతో ఒక మెలిక పెట్టింది: ఒకసారి పాట రికార్డయ్యాక, కాపీకి 2 సెంట్లు కట్టి ఎవరైనా మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. ఆ 2 సెంట్లు 1978 దాకా అలాగే ఉన్నాయి. రేటు తర్వాత పెరిగింది, పద్ధతి అదే. పాడేవాళ్ళు తమ శైలికి తగ్గట్టు వాద్యాల కూర్పు మార్చుకోవచ్చు, మూల స్వరూపం చెడగొట్టకూడదు. ఆరెథాలు, హెండ్రిక్స్‌లు పుట్టడానికి వాళ్ళ ప్రతిభ ఎంత కారణమో ఈ చట్టం కూడా అంత కారణం, పాటల కబుర్లలో దీని పేరు ఎవరూ ఎత్తరు గానీ.

డబ్బు లెక్క కూడా విచిత్రమే. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, పాడినవాళ్ళకి రాదు. 'రెస్పెక్ట్' రేడియోలో ఎన్ని వేలసార్లు మోగినా ఆరెథాకి ఆ పద్దు కింద పైసా లేదు, ఓటిస్ వైపు వాళ్ళకి వెళ్ళింది. కంట్రీ గాయని డాలీ పార్టన్ దీన్ని ముందే కనిపెట్టింది. 1974లో ఆవిడ రాసి పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'ని ఎల్విస్ పాడతానన్నాడు, కాకపోతే హక్కుల్లో సగం ఇవ్వాలని అతని మేనేజర్ పట్టుబట్టాడు. ఎల్విస్ నోట తన పాట వినాలని ప్రాణం కొట్టుకుంటున్నా ఆవిడ కుదరదు పొమ్మంది. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడింది, వాద్యాలేవీ లేకుండా ఒట్టి గొంతుతో మొదలుపెట్టి. 14 వారాలు మొదటి స్థానం. హక్కులు మొత్తం డాలీవే.

ఇక మన దేశం సంగతి. 1980ల్లో క్యాసెట్లు వచ్చిన కొత్తలో పాత హిందీ పాటలు చాలావరకు హెచ్‌ఎంవీ రికార్డు కంపెనీ చేతిలో ఉండేవి. అప్పటి కాపీరైట్ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, పాట ఒకసారి రికార్డయ్యాక నోటీసిచ్చి, రాయల్టీ కట్టి ఎవరైనా మళ్ళీ రికార్డు చేసుకోవచ్చని. టీ-సిరీస్ గుల్షన్ కుమార్ దాన్ని పట్టుకుని 'వెర్షన్' క్యాసెట్ల వరద పారించాడు. సోనూ నిగమ్ రఫీలా పాడాడు, కుమార్ సానూ కిశోర్‌లా పాడాడు. 'లా' అన్నదే అక్కడ సరుకు. చవగ్గా దొరికే రఫీ కావాలి జనానికి, కొత్త అర్థం ఎవరూ అడగలేదు. ఆ పనిలో అంత గొప్ప గొంతులు తయారయ్యాయంటే ముచ్చటే, కానీ ఆ క్యాసెట్లలో ఒక్కటైనా ఒరిజినల్‌ని పక్కకి తోసిందా అంటే లేదు. తొయ్యడం దాని ఉద్దేశమే కాదు.

2012లో చట్టం సవరించి సెక్షన్ 31సీ తెచ్చారు. ఇప్పుడు 5 ఏళ్ళు ఆగాలి, ప్రతి పాటకీ ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి, అసలు గాయకులే పాడారేమో అని జనం పొరబడేలా క్యాసెట్ అట్ట మీద పేరు గానీ బొమ్మ గానీ వెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప సాహిత్యంలోనూ సంగీతంలోనూ మార్పు చెయ్యకూడదు. హక్కుదారు ఒప్పుకుంటే వేరు. రచయితల వైపు నుంచి చూస్తే ఈ షరతు న్యాయమే. కాకపోతే ఆరెథా చేసిన పని ఇక్కడ ఆ సెక్షన్ కింద చెయ్యడం కుదరదు. అచ్చం అలాగే పాడు, లేదా అనుమతి తెచ్చుకో అంటుంది మన చట్టం.

తెలుగులో మన చెవి కూడా అదే అంటుంది. ఘంటసాల పాట ఎవరైనా పాడితే "దింపేశాడు" అన్నదే పెద్ద మెచ్చుకోలు. ఘంటసాల పోయింది 1974లో, ఇవాళ్టికీ ఆయన పేరు మీద జరిగే సభల్లో, ఊళ్ళో అయినా అమెరికాలో అయినా, గాయకుణ్ణి కొలిచేది ఆ గొంతుకి ఎంత దూరంలో ఉన్నాడన్న దాంతోనే. 1996 నుంచి 'పాడుతా తీయగా' చూస్తూ పెరిగిన జనానికి సంగతులు ఎక్కడ జారాయో, ఏ అక్షరం ఒత్తు పోయిందో పట్టుకోవడం అలవాటైంది. పాట పుట్టిన సందర్భం, రాసినవాళ్ళ కష్టం బాలు గారు విడమరిచి చెప్పేవారు, దాని విలువ తక్కువేం కాదు, తెలుగు ఉచ్చారణ ఈమాత్రమైనా బతికి ఉందంటే అలాంటి కార్యక్రమాల వల్లే. కానీ పోటీ అన్నాక తప్పులు లెక్కపెట్టాలి, తప్పు అంటే ఒరిజినల్ నుంచి పక్కకి జరగడం. కావాలని జరిగిన కుర్రాడు కూడా తప్పినవాడి లెక్కలోకే పోతాడు.

ఇందులో పాట కట్టడం పాత్ర కూడా ఉంది, దీన్ని మాత్రం కాస్త ఆగి చూడాలి. డిలన్ పాటంటే నాలుగు కార్డ్స్, బోలెడన్ని మాటలు. ఎవరైనా దానికి కొత్త ఇల్లు కట్టుకోవచ్చు. ఇళయరాజా పాట అలా కాదు. 'సాగర సంగమం'లో 'మౌనమేలనోయి' తీసుకోండి, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యాలు ఖాళీ నింపడానికి పెట్టినవి కావు, పాటలో వాళ్ళిద్దరూ నోటితో అనలేనిది అవి అంటాయి. బేస్ గిటార్‌కి దాని సొంత నడక ఉంటుంది. ఒక గిటార్ పట్టుకుని కార్డ్స్ మీటుతూ పాడేస్తే పోయేది అలంకారం ఒక్కటే కాదు, కూర్పులో సగం. అందుకే మన దగ్గర ఆర్కెస్ట్రా వాళ్ళు బిట్లతో సహా దించుతారు, ప్రేక్షకులు కూడా ఫ్లూట్ బిట్ సరిగ్గా పడితే చప్పట్లు కొడతారు. మరి అన్‌ప్లగ్డ్ (హంగులు తగ్గించి ఒకటి రెండు వాద్యాలతో పాడటం) పేరుతో వస్తున్నవాటి మాటేమిటంటే, ముప్పాతిక మువ్వీసం ఒకే ఫార్ములా: స్పీడు సగానికి తగ్గించు, గొంతులో గాలి కలుపు, ఎకో పెంచు. హుషారు పాటని నెమ్మదిగా పాడినంత మాత్రాన దిగులు లోతు రాదు, ఒక్కోసారి నిద్ర వస్తుంది.

పోనీ తెలుగువాళ్ళకి ఒకే పాటని వేర్వేరుగా వినడం రాదా అంటే, అలా అనడం అన్యాయం. పద్యనాటకం మన దగ్గరే పుట్టింది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో 'చెల్లియో చెల్లకో' పద్యం ప్రేక్షకులకి కంఠతా వచ్చు. అయినా తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు, ఈ కృష్ణుడు ఏ రాగంలో ఎత్తుకుంటాడు, ఏ మాట దగ్గర విరుస్తాడు, ఎక్కడ ఆలాపన సాగదీస్తాడు అని చూడటానికి. షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు వేరు, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు వేరు. ఒకరిలా ఇంకొకరు పాడితే వన్స్‌మోర్ పడేది కాదు. అన్నమయ్య సంగతీ అంతే, రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్ళు కట్టిన వరసల్లో ఆ కీర్తనలు మళ్ళీ ఇంటింటికీ చేరాయి. ఒక కీర్తనని నలుగురు నాలుగు రాగాల్లో పాడితే ఎవరూ కొట్టుకోలేదు. సినిమా వచ్చాకే పాట ఒక గొంతుకి, ఒక నటుడి మొహానికి, ఒక సన్నివేశానికి మేకు కొట్టినట్టు అతుక్కుపోయింది.

ఆ అతుకు ఎంత గట్టిదో సినిమా రీమిక్సుల్లో తెలుస్తుంది. 'యమగోల' (1977)లో 'ఓలమ్మీ తిక్కరేగిందా' 2007లో 'యమదొంగ'కి వచ్చింది. 'గ్యాంగ్ లీడర్' (1991)లో 'వాన వాన వెల్లువాయె' 2012లో 'రచ్చ'కి వచ్చింది. 'కొండవీటి దొంగ'లో 'శుభలేఖ రాసుకున్నా' 2013లో 'నాయక్'కి, 'ఖైదీ నంబర్ 786'లో 'గువ్వా గోరింకతో' 2015లో 'సుబ్రమణ్యం ఫర్ సేల్'కి. వరస చూస్తే విషయం అర్థమైపోతుంది, తాత పాట మనవడికి, నాన్న పాట కొడుక్కి, మేనమామ పాట మేనల్లుడికి. ఇక్కడ కూడా 'నేను' మారింది, కాదనలేం. కాకపోతే మారింది తెర మీద నిలబడ్డ నేను, గాయకుడు కాదు. థియేటర్లో ఈలలు పడింది ట్యూనుకి కాదు, వారసత్వానికి. సంగీతం పరంగా వీటిలో చెప్పుకోదగ్గవి పెద్దగా లేవనే అనిపిస్తుంది, డ్రమ్స్ మోత పెరిగి మధ్యలో ర్యాప్ ముక్క పడటం తప్ప. కానీ ఆస్తి పంపకం కాయితాలుగా చదివితే మాత్రం భలే ఆసక్తిగా ఉంటాయి.

యూట్యూబ్‌లో 'కవర్ సాంగ్' పేరుతో కుర్రాళ్ళు తీసే వీడియోలు కూడా ఈ అలవాటు కొనసాగింపే. చాలావాటిలో పాడేవాళ్ళే ఉండరు, ఒరిజినల్ ఆడియో అలాగే పెట్టేసి, పొలం గట్టు మీదో కాలేజీ మెట్ల మీదో కొత్త జంటతో తీస్తారు. సంగీతం వాళ్ళకి ఇది కవరే కాదు. అయినా మన పాటల్లో మనిషి అంటే మొహం కాబట్టి, కుర్రాళ్ళు మార్చింది సరిగ్గా మార్చాల్సిన ముక్కనే.

అనుమతుల పేచీ సరదా పాటలకే అనుకుంటే పొరపాటు. 2017లో బాలు గారు 50 ఏళ్ళ పాటల ప్రయాణం పేరుతో విదేశాల్లో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్ళింది. తన గొంతుతో పుట్టిన పాట తను స్టేజీ మీద పాడటానికి కూడా అడగాలా అని జనం బాధపడ్డారు. చట్టం ప్రకారం పాట కట్టినవాళ్ళ హక్కు వేరు, పాడినవాళ్ళ హక్కు వేరు, ఆ తేడా మొదటిసారి చాలామందికి తెలిసింది అప్పుడే.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా మన దగ్గర ఒక దారి ఉంది, రోజూ జరుగుతూనే ఉంది, కవర్ అని ఎవరూ దానికి పేరు పెట్టరు. యుగళగీతాన్ని ఒక్కరే పాడటం. తోడు పాడేవాళ్ళు దొరక్క, ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని, వాళ్ళ లైనూ వీళ్ళ లైనూ ఒకరే పాడేస్తారు. అక్షరం మారదు, స్వరం మారదు, 31సీకి కూడా నచ్చే పద్ధతి. కానీ బాలు గారు, జానకి గారు పాడిన 'మౌనమేలనోయి'ని ఒక్క గొంతులో వినండి. ఇద్దరి మధ్య సంభాషణ కాస్తా ఒక మనిషి తనలో తను గుర్తుచేసుకుంటున్న మాటలైపోతుంది. ఎదుటివాళ్ళ మాటలు కూడా తనే అనుకోవాల్సి వస్తుంది, ప్రశ్న అడిగిన గొంతే జవాబు చెప్పాలి. చాలామంది ఇది తెలియకుండానే చేస్తారు, పైగా రెండో లైను రాగానే గొంతు మార్చి అవతలివాళ్ళని అనుకరిస్తారు, అక్కడే చెడుతుంది. గొంతు మార్చకుండా పాడితే చాలు, ల్యూక్ కోంబ్స్ ఆ 'అమ్మాయి' అనే పదాన్ని మార్చకుండా వదిలేసినట్టు.